సగం సబ్బు

మొగుడు కనిపించకుండా పోయిన ఆడవాళ్ళు నా ఆఫీసుకు వస్తే ముందు ఏడుస్తారు, తర్వాత ఫీజు అడుగుతారు. ఈవిడ రెండూ చేయలేదు. కుర్చీలో కూర్చుంటూనే పైకి చూసి, "పట్టపగలు లైటెందుకు మేడమ్?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా ఆఫీసు, నా లైటు, నా కరెంటు బిల్లు. అయినా లేచి ఆర్పేశాను. ఆమె సిగ్గుపడి, అది తన అలవాటు కాదనీ, ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసి అంటించుకున్న జబ్బనీ చెప్పింది. కిటికీలోంచి వెలుతురు వస్తుండగా బల్బు వెలుగుతుంటే వాళ్ళాయనకు ఊపిరాడదట. భోజనం మధ్యలో లేచి వెళ్ళి మరీ ఆర్పేస్తాడట. కొత్త సబ్బు తెస్తే నేరుగా వాడనివ్వడట. కుట్టుదారం బిగువుగా లాగిపట్టి సరిగ్గా మధ్యకు కోసి, ఒక సగం బయటపెట్టి, రెండో సగం కాగితంలో చుట్టి బీరువా మీద దాస్తాడట. సబ్బంతా ఒకేసారి తడిస్తే ఒంటికి పట్టేదానికన్నా నీళ్ళలో కరిగిపోయేదే ఎక్కువని ఆయన సిద్ధాంతం.

"పెళ్ళైన కొత్తలో ఆ దారం చూసి ఏడ్చాను. ఇప్పుడు నేనే కోస్తున్నాను," అంది.

ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చేతులు ఊరికే లేవు. బ్యాగు జిప్పు లాగుతుంది, వేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఆ చప్పుడుకు నాకు తల తిరిగిపోతోంది గానీ ఆపమనడానికి మనసొప్పలేదు.

విషయం ఏమిటంటే, వాళ్ళాయన ఒక పరుపుల కంపెనీలో ఎకౌంటెంట్. సోమవారం సాయంత్రం నుంచి ఇంటికి రాలేదు. ఈ రోజు గురువారం. కార్మికుల జీతాల్లోంచి ఏడాదిగా కోసిన పన్ను ప్రభుత్వానికి చేరలేదనీ, అదంతా ఎకౌంటెంటే మింగి పారిపోయాడనీ మంగళవారం పొద్దున్నే కంపెనీ ఓనరు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఎకౌంటెంటు స్కూటరు బస్టాండులో దొరికింది. ఇంకేం, దొంగే దొరికినంత సంబరపడి పోలీసులు చేతులు దులిపేసుకున్నారు.

నేను ఈ డిటెక్టివ్ పనిలోకి రాకముందు పన్నుల శాఖలో తనిఖీ విభాగంలో ఉండేదాన్ని. ఉద్యోగం వదిలినా ఆ చిరాకు నన్ను వదల్లేదు. జీతం ఇచ్చేటప్పుడే యజమాని పన్ను కోసిపెట్టి, కోసింది నెలనెలా ప్రభుత్వానికి కట్టాలి. కోసిన క్షణం నుంచీ అది యజమాని సొమ్ము కాదు. కానీ వ్యాపారం కాస్త నలతగా ఉంటే చాలామంది ఓనర్ల చెయ్యి ముందు వెళ్ళేది దాని మీదికే. వచ్చే నెల కట్టేద్దాంలే అనుకుంటారు, ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు.

ఆదివారం రాత్రంతా వాళ్ళాయన మంచం మీద అటూ ఇటూ దొర్లాడనీ, చివరికి కడుపులోది కక్కేశాడనీ ఆమె చెప్పింది. పన్ను వాడుకున్నది ఓనరు. శాఖ నుంచి నోటీసు రాకముందే తనంతట తాను వెళ్ళి ఒప్పుకుంటే వడ్డీ, జరిమానాతో బయటపడొచ్చు. నోటీసు వచ్చాక వెళితే కోర్టు మెట్లెక్కాలి. ఆ నోటీసులు ఈ శుక్రవారమే బయల్దేరతాయని ఎకౌంటెంటు చెవిన పడింది. అందుకే సోమవారం ఆఫీసు అయ్యాక ఓనరు ఇంటికి వెళ్ళి చేతులు పట్టుకునైనా ఒప్పిస్తాననీ, వినకపోతే తానే పన్నుల ఆఫీసుకు పోతాననీ పెళ్ళానికి చెప్పాడు. ఇదంతా ఆమె పోలీసులకు చెప్పింది. వాళ్ళు తలూపారే గానీ రాసుకోలేదు.

"ఏ ఇంటికి వెళ్తానన్నాడు?" అని అడిగాను.

ఆమె మొదటిసారి కాస్త నవ్వింది. ఏ ఇల్లో ఆయన చెప్పలేదనీ, తమాషా అంతా అక్కడే ఉందనీ అంది. ఓనరుకు రెండిళ్ళు. పెళ్ళాం పిల్లలు ఉండేది ఒకటి, ఊరి చివర పాత మేడ ఒకటి. ఆ మేడలో ఎవరూ ఉండరు. అయినా కరెంటు బిల్లు మాత్రం వీళ్ళింటి బిల్లుకు నాలుగింతలు వస్తుంది. ఆ బిల్లును కంపెనీ ఫ్యాక్టరీ ఖర్చు కింద కడుతుంది. అదే బిల్లును ఓనరు, చూడండి నేను అక్కడే ఉంటున్నాను అని పన్నుల వాళ్ళకు చూపిస్తాడు. ఒకే బిల్లుతో రెండు చోట్ల టోపీ పెట్టాడని ఎకౌంటెంటు ఆమెతో చెప్పి నవ్వాడట. ఆ మేడకు బేరం కుదిరింది. రేపు పొద్దున రిజిస్ట్రేషన్, ఆ వెంటనే తాళాలు అప్పగిస్తారు.

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. మనిషి తాను కాపురముంటున్న సొంతిల్లు అమ్ముకుంటే, వచ్చిన లాభం మీద పన్ను లేదు. ఖాళీగా పెట్టిన ఇల్లు అమ్మితే ఆ లాభంలో పెద్ద ముక్కే ప్రభుత్వానికి పోతుంది. అందుకే ఉత్త ఇళ్ళలో ఉత్తుత్తి కాపురాలు పెడతారు జనం. కుళాయిలు వదిలి నీళ్ళ మీటరు తిప్పుతారు, దండేనికి బట్టలు వేలాడేస్తారు, గుమ్మంలో చెప్పులు విడుస్తారు. అలాంటి కాపురాలు పట్టుకోవడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది. నా చిట్కా ఒక్కటే. నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళి సబ్బు చూసేదాన్ని. మనుషులున్న ఇంట్లో సబ్బు అరుగుతుంది. మనుషుల్లేని ఇంట్లో కొత్తది పెడతారు, అది అలాగే ఎండి పగుళ్ళు వస్తుంది. కూర్చుని సబ్బు అరగదీసే ఓపిక ఎవరికీ ఉండదు. దాంతో శాఖలో నాకు సబ్బు మేడమ్ అని పేరు పడిపోయింది. ఆ పేరు ఊళ్ళో ఉన్న టాక్స్ కన్సల్టెంట్లందరికీ తెలుసు.

"ఆయన దొంగ కాదని మీరు రుజువు చెయ్యక్కర్లేదు మేడమ్," అంది ఆమె, జిప్పు మీది చెయ్యి ఆపి. "బతికున్నారో లేదో, అదొక్కటి చెప్పండి. బతికుంటే మిగతాది నేను చూసుకుంటాను."

ఫీజు సంగతి నేనూ ఎత్తలేదు.

స్టేషన్లో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను అందరూ చాటుగా ఇస్త్రీ అంటారు. చొక్కా ముడత పడుతుందని ఆయన కుర్చీలో వెనక్కి కూడా వాలడు. నేనంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు, ఆయనంటే నాకూ అంతే. నన్ను చూడగానే టేబుల్ మీది పేపర్‌వెయిట్ సరిగ్గా మధ్యకు జరిపి, కూర్చోమని కూడా అనలేదు. నేను కూర్చున్నాను.

"స్కూటరు బస్టాండులో ఉంది, ఫోను ఆఫ్‌లో ఉంది, మనిషి ఊళ్ళో లేడు," అన్నాడు. "ఇంకేం కావాలి మేడమ్ గారూ మీకు?"

"స్కూటరు బస్టాండులో ఎక్కడుంది?"

"పార్కింగులో."

"డబ్బులు కట్టే పార్కింగులో. రోడ్డుకు అవతల ఊరికే పెట్టుకునే చోటుంది. సబ్బును దారంతో కోసి వాడుకునే మనిషి, రోజుకింతని కట్టే చోట బండి పెట్టిపోతాడా?"

"పారిపోయేవాడు పార్కింగు డబ్బులు చూసుకుంటాడా?"

"వేరేవాళ్ళ సంగతి నాకు తెలీదు. ఈయన చూసుకుంటాడు."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పక్కనున్న కానిస్టేబులూ నవ్వాడు. ఓనరు మర్యాదస్తుడనీ, సోమవారం ఎకౌంటెంటు తన దగ్గరికి రానేలేదని రాసిచ్చాడనీ, రేపటితో ఈ కేసు పరారీ కింద మూసేస్తున్నాననీ ఇస్త్రీ చెప్పాడు. ఒక్క ఫోను చేస్తాను, మీ ఎదురుగానే చేస్తాను అన్నాను. పనిలేనివాళ్ళకు పని కల్పించడమెందుకని ఆయన గొణుగుతుండగానే ఓనరు నంబరు నొక్కాను.

ఓనరు గొంతు వెన్నలా ఉంది. మేడ చూడాలన్నాను. ఇల్లంతా సర్దుళ్ళలో ఉందనీ, మరో వారం ఆగమనీ అన్నాడు. అలాగే అన్నాను. ఇల్లు రేపు చేతులు మారుతోందట కదా, నా పాత స్నేహితులు ఇంకా తనిఖీలోనే ఉన్నారు, వాళ్ళను ఈ సాయంత్రమే ఒకసారి అటు చూసి రమ్మంటాను, మీరేం శ్రమపడకండి అన్నాను. ఇంతకీ మీరెవరు మేడమ్ అన్నాడు. నేనెవరో చెప్పాను.

"అయ్యో, మీరా. మీ గురించి చాలా విన్నాను. ఐదింటికి రండి," అన్నాడు.

ఎకౌంటెంటు పేరెత్తితే బెదరని మనిషి పన్ను పేరెత్తగానే మెత్తబడిపోయాడు. అది నేను ఇస్త్రీకి చెప్పాను. నీతిమంతులు కూడా పన్నుల వాళ్ళకు భయపడతారు, అందులో వింతేముందని ఆయన కొట్టిపారేశాడు. అయినా తానూ వస్తానన్నాడు. నా మీద నమ్మకంతో కాదు, నేను ఓనరును వేధిస్తే సాక్ష్యానికి ఉంటుందని.

నేను మేడకు చేరేసరికి నాతో పాటు ఆటోలో ఎకౌంటెంటు భార్య కూడా ఉంది. రావద్దంటే వినలేదు. వీధి మలుపులోనే ఆటోలో కూర్చోమని గట్టిగా చెప్పి గేటు తోసుకుని వెళ్ళాను.

ఓనరు కురచ మనిషి. పాదాలు మరీ చిన్నవి, బడిపిల్లల చెప్పులు పట్టేలా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇస్త్రీ అప్పటికే వచ్చి, గోడకు ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. హాల్లో టీవీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఒంటరిగా ఉన్నప్పుడు అదే నాకు తోడు మేడమ్ అన్నాడు ఓనరు. కాస్త తగ్గించమన్నాను. తన సొంతింట్లో రిమోటు ఎక్కడుందో తెలియక సోఫా దిండ్లన్నీ ఎత్తి చూశాడు, టీపాయ్ కింద చూశాడు, చివరికి నవ్వి ఊరుకున్నాడు. టీవీ అలాగే మోగుతూ ఉంది.

నేను ఇల్లు చూడడం మొదలుపెట్టాను. పడగ్గదిలో దుప్పటి మీద షాపులో పెట్టిన మడతలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఫ్రిజ్ నిండా కూరగాయలున్నాయి గానీ పొయ్యి చుట్టూ ఒక్క నూనె చుక్క లేదు. బీరువాలో చొక్కాలకు చెమట వాసన లేదు. పెరటి గుమ్మం పక్కన ఓ పెద్ద బూట్ల జత ఉంది. దుమ్ము కొట్టుకుని, మడమల దగ్గర అరిగి, ఓనరు పాదాలు రెండేసి పట్టేంత పెద్దవి. నాకు నవ్వొచ్చింది. అరిగినవి తెచ్చి పెట్టాలన్న తెలివి ఉంది గానీ కొలత చూసుకోవాలన్న తెలివి లేదనుకున్నాను. ఎవరివి ఇవి అంటే, నావే మేడమ్, పొద్దున్నే నడకకు వెళ్తాను అన్నాడు.

ఉత్తుత్తి కాపురం అని నాకు ఐదు నిమిషాల్లోనే తేలిపోయింది. దాంతో నా కంగారు ఇంకా ఎక్కువైంది. నేను వచ్చింది పన్ను ఎగవేత కోసం కాదు, మనిషి కోసం. ఈ అబద్ధాల మధ్య ఆ మనిషి జాడ ఒక్కటి కూడా కనిపించడంలేదు.

స్నానాల గది గుమ్మం దగ్గర ఓనరు నాకన్నా ముందు నిలబడి, తలుపు తనే తెరిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"సబ్బు కూడా చూసుకోండి మేడమ్. మీకు అలవాటేగా," అన్నాడు.

వెనక ఇస్త్రీ కిసుక్కున నవ్వాడు. నేను లోపలికి వెళ్ళాను. సబ్బుపెట్టెలో తెల్లసబ్బు ఉంది. నిజంగానే అరిగింది. తడిగా, నున్నగా, అంచులు గుండ్రంగా ఉంది. వాడిన సబ్బే, అనుమానం లేదు. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను.

మూడు వైపులా గుండ్రంగా ఉంది. నాలుగో వైపు మాత్రం తిన్నగా, గోడ కట్టినట్టు ఉంది. కత్తితో కోస్తే పెచ్చులూడుతుంది. ఇది పెచ్చులూడలేదు. సబ్బు పేరు చెక్కిన అక్షరాలు సరిగ్గా మధ్యలో తెగిపోయి, ఆ తెగినచోట సన్నటి దారపు గీత ఇంకా మిగిలే ఉంది.

సబ్బును ఎలా ఉన్నదాన్ని అలాగే మళ్ళీ పెట్టెలో పెట్టాను. బాగా అరిగింది, నిజమైన కాపురమే అన్నాను. ఓనరు ముఖం ఇంకా వెలిగింది. నా పేరు విని, నా కోసమే ఈ సబ్బును తెప్పించి పెట్టించాడు మహానుభావుడు. ఎక్కణ్ణించి తెప్పించాడో, అదే ఇప్పుడు నాకు కావాలి.

ఓనరును ఇస్త్రీతో మాటల్లో పెట్టి పెరట్లోకి వెళ్ళాను. వాచ్‌మన్ మొక్కలకు నీళ్ళు పడుతున్నాడు. మొక్కలు ఇప్పటికే నీళ్ళలో మునిగి ఉన్నాయి. రోజూ ఎంతసేపు పడతావని అడిగితే, మీటరు తిరిగేదాకా పట్టమన్నారు అమ్మగారూ అని నోరుజారి, వెంటనే నాలుక్కరుచుకున్నాడు. నేను విననట్టే ఊరుకున్నాను. లైట్లు ఎవరు వేస్తారంటే, అవి వాటికవే ఆరింటికి వెలుగుతాయనీ, పదింటికి ఆరిపోతాయనీ, టీవీ మాత్రం పొద్దుటినుంచే మోగుతుందనీ చెప్పాడు. అయ్యగారు టైమర్లు పెట్టించారట.

"బాత్రూములో ఆ సబ్బు నువ్వే పెట్టావా?" అని మామూలుగా అడిగాను.

వాచ్‌మన్ నీళ్ళు నమిలాడు. అయ్యగారు ఫోను చేసి వాడిన సబ్బు ఒకటి పెట్టమన్నారనీ, అందుకని తన గదిలోది తెచ్చి పెట్టాననీ అన్నాడు. అంటున్నప్పుడు అతని కళ్ళు తన గది వైపు పోలేదు. మేడ పై అంతస్తు మీదికి పోయాయి. పక్కనే ఉన్న అతని గదిలోకి తల పెట్టి చూశాను. తూము దగ్గర ఎర్రసబ్బు ఉంది. మొత్తం సబ్బే, ఎవరూ కోయలేదు. నీది ఎర్రది కదయ్యా అంటే పైపు వదిలేసి నిలబడిపోయాడు. నీళ్ళు అతని కాళ్ళ మీదే పారుతున్నాయి.

"నాకు పిల్లలున్నారు అమ్మగారూ," అన్నాడు.

లోపలికి వచ్చి నేరుగా మెట్లెక్కాను. పైన ఒకే ఒక్క గది, బయట కొత్త తాళం. పాత ఇల్లు, పాత తలుపు, నిగనిగలాడే తాళం. తలుపు బాదాను. కింద టీవీ మోతలో నా చేతి చప్పుడు నాకే సరిగా వినపడలేదు. లోపల మనిషి ఉన్నా, అరిచినా, ఇరుగుపొరుగుకు వినిపించేది టీవీయే. ఈ ఇంట్లో మనుషులున్నారని వాళ్ళు ఎప్పటినుంచో అనుకుంటున్నారు. ఇంతకన్నా మంచి చోటు దొరుకుతుందా ఒక మనిషిని దాచడానికి అనిపించింది. రేపు పొద్దుటికి ఈ గది ఖాళీ కావాలి. ఎలా ఖాళీ చేస్తారో తలుచుకోబుద్ధి కాలేదు.

ఓనరు, ఇస్త్రీ ఇద్దరూ పరుగున మెట్లెక్కి వచ్చారు. తాళంచెవి అడిగాను. పాత సామాను గది మేడమ్, తాళంచెవి కొన్నవాళ్ళ దగ్గరుంది అన్నాడు ఓనరు. రేపు అప్పగించాల్సిన ఇంట్లో ఈ ఒక్క గది తాళమే ముందు అప్పగించారా అంటే ముఖం మాడ్చుకున్నాడు. నేను ఇస్త్రీని పక్కకు లాగి సబ్బు సంగతి, దారపు గీత సంగతి గబగబా చెప్పి, తాళం పగలగొట్టమన్నాను.

"సబ్బుముక్క చూసి ఒకరి ఇంటి తాళం పగలగొట్టమంటారా?" అన్నాడు ఇస్త్రీ. "ప్రపంచంలో సబ్బు సగం చేసేవాడు ఒక్కడేనా?"

"దారంతో చేసేవాడు ఒక్కడే. మూడు రోజులుగా కనిపించనివాడు కూడా వాడే."

"రేపు పొద్దున మేజిస్ట్రేటు ముందు నేను ఏం చెప్పాలి? సబ్బు మేడమ్‌కు అనుమానం వచ్చిందనా?"

"రేపు పొద్దుటికి లోపల ఎవరూ ఉండరు. ఉన్నా ఊపిరితో ఉండరు. అప్పుడు వాళ్ళావిడకు ఏం చెప్తారో, ముందు అది ఆలోచించుకోండి."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు గానీ, ఒక్కటి మాత్రం చేశాడు. ఓనరు వైపు తిరిగి, ఈ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని సూటిగా అడిగాడు. నేనూ, వాచ్‌మనూ, అంతే సార్, మరో మనిషి లేడు, నా పిల్లల మీద ఒట్టు అన్నాడు ఓనరు. ఇస్త్రీ నా వైపు చూసి, విన్నారుగా అన్నట్టు చేతులు తిప్పాడు. ఇక పదండి అన్నాడు. ఆయన మాట దాటి తాళం మీద చెయ్యి వేస్తే ముందు నన్నే స్టేషనుకు తీసుకుపోతాడని నాకు తెలుసు. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అందరం ముంగిట్లోకి వచ్చాం. ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. గేటు దగ్గర ఎకౌంటెంటు భార్య నిలబడి ఉంది. ఆటోలో ఉండమంటే ఉండలేకపోయింది. ఆమె నన్నేమీ అడగలేదు, నా ముఖం చూసి చదువుకుంది. ఓనరు ఆమెను గుర్తుపట్టి, పాపం, ఇలాంటి మొగుడు దొరికాడు నీకు తల్లీ అని జాలిపడబోయాడు. ఆమె బ్యాగు జిప్పు ఒకసారి గట్టిగా లాగింది. ఇస్త్రీ జీపు తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడే ఇల్లంతా ఒక్కసారి వెలిగింది. హాలు, వంటగది, వరండా, పైగది కిటికీ, అన్నీ ఒకేసారి. ఇంట్లో ఉన్నవాళ్ళమంతా బయటే ఉన్నాం. ఇస్త్రీ చెయ్యి జీపు తలుపు మీదే ఆగిపోయింది. ఓనరు గొంతు సవరించుకుని, టైమరు సార్, దొంగల భయంతో పెట్టించాను అన్నాడు. కన్నుమూసి తెరిచేలోగా ఆ ఇంటి కాపురం గుట్టు రట్టయిపోయింది గానీ, నేను దాన్ని పట్టించుకునే స్థితిలో లేను. పైగది కిటికీ వంకే చూస్తున్నాను.

ఆ కిటికీలో లైటు ఆరిపోయింది.

మిగతావన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అదొక్కటే ఆరింది. వెనక పెరట్లో నీళ్ళు పారుతున్న చప్పుడు, లోపల టీవీ మోత. నా వెనక సన్నటి గొంతు వినిపించింది.

"ఆర్పేశారు," అంది ఎకౌంటెంటు భార్య. "ఇంకా వెలుతురుంది కదా మేడమ్. ఆయనకు ఓర్పు ఉండదు. ఆర్పేశారు."

పొద్దుటినుంచీ ఒక్క చుక్క కార్చని మనిషి, గేటు ఊచ పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. బంధించిన గదిలో, ఎవడో కట్టే కరెంటు బిల్లుకు కూడా మొగుడి ప్రాణం కొట్టుకుంటోందని నవ్వింది. నాకూ కళ్ళు మసకబారాయి. బతికున్నాడు. ఆమె అడిగింది అదొక్కటే.

ఇస్త్రీ ఓనరు వైపు తిరిగాడు. ఆయన గొంతులో వెటకారం ఎటు పోయిందో పోయింది. చెయ్యి చాపి, తాళంచెవి అన్నాడు. ఓనరు జేబులోంచి చెయ్యి తియ్యలేదు. ముఖం పాలిపోయింది గానీ, కళ్ళు ఇస్త్రీని చూడడంలేదు. పైకి, ఆ చీకటి కిటికీ వైపే చూస్తున్నాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

నేనూ పైకి చూశాను. లైటు మళ్ళీ వెలిగింది.

నేల మీదున్న ఆమె ఏడుపు టక్కున ఆగింది. లేచి నిలబడి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఆయన ఒకసారి ఆర్పితే మళ్ళీ వెయ్యరు మేడమ్," అంది. "ఇది వేసింది ఆయన కాదు."

పెరటి గుమ్మం దగ్గర నేను చూసి నవ్విన ఆ పెద్ద బూట్లు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ ఇంట్లో నేను అబద్ధమని కొట్టిపారేసిన నిజం అదొక్కటే. ఆ బూట్లవాడు ఎకౌంటెంటుకు కాపలాగా లోపలే ఉన్నాడన్నమాట, బయటి తాళం మా కళ్ళకు గంతలు కట్టడానికే. ఇస్త్రీ అప్పటికే మెట్ల వైపు పరిగెడుతున్నాడు. పైన కిటికీలో ఎవరో తెర లాగేశారు.